దుప్పటి కింద దాచిన బ్యాగు

మా అక్కకి ఆస్పత్రిలో జ్వరం రావడంలో నా చేయి ఉంది. డాక్టరు గారు ఆ మాట అనలేదు, సిస్టర్లూ అనలేదు. కానీ ఆ పది రోజుల్లో జరిగిందంతా వరసగా చెప్పుకుంటూ వస్తే మీకే తెలుస్తుంది.

నాది రేపల్లె. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. సాయంత్రం ఐదు దాటితే కళ్లు లాగుతాయి, అందుకని మిషను మీద గుడ్డ కప్పి లైబ్రరీకి పోతాను. ఇరవై ఏళ్లుగా ఇదే అలవాటు. కథల బీరువా అయ్యాక చరిత్ర, అది అయ్యాక వ్యవసాయం, ఆ తర్వాత వైద్యం. చదివినదాంట్లో పనికొచ్చేది లాంగ్ నోట్‌బుక్కులోకి ఎక్కిస్తాను. అలా పదకొండు పుస్తకాలు నిండాయి. మా వీధిలో ఎవరికి రక్తపరీక్ష కాగితం అర్థం కాకపోయినా నా వరండాకే వస్తారు. అది నాకు గొప్పగానే ఉంటుంది. లేదని ఎందుకు చెప్పాలి?

అక్క నాకంటే పదేళ్లు పెద్ద. చెరుకుపల్లి దగ్గర పల్లెలో ఇచ్చారు. పదిహేనేళ్లుగా షుగరు ఉంది. మొన్నటి వానల్లో దొడ్లో పాచి మీద కాలు జారి పడితే తుంటి దగ్గర ఎముక విరిగింది. తెనాలి తీసుకెళ్లి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. మర్నాడే ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. అప్పుడు వరి ఊడ్పులు జరుగుతున్నాయి. బావ పొద్దున్న వచ్చి మధ్యాహ్నానికి మళ్లీ చేలోకి పోయేవారు. అక్క దగ్గర ఉండేది నేనే.

ఆపరేషన్ గదిలోంచి తీసుకొచ్చేసరికే మూత్రానికి పైపు వేసి ఉంది. ఆ పైపు చివర ప్లాస్టిక్ బ్యాగు. సిస్టరు దాన్ని మంచం పక్క ఇనప కమ్మీకి తగిలించి, "బ్యాగు నేల మీద పెట్టొద్దమ్మా, పైకి ఎత్తొద్దు" అని చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయింది. అది మూడు మంచాల గది. నేను బుర్ర ఊపాను. ఇలాంటివి నాకు తెలుసులే అనుకున్నాను. ఆ అనుకోవడమే నా మొదటి తప్పు.

మూడో రోజు బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. అక్క కూతుర్ని ఇచ్చింది బాపట్ల. వియ్యంకుడూ వియ్యపురాలూ చూడ్డానికి వస్తున్నారట, అప్పటికే కారు బయలుదేరిందట. అక్క మొహంలో రంగు మారింది.

"ఏమే, ఆ బ్యాగు కనపడకుండా చెయ్యవే."

"ఎలా చెయ్యనే? మంచానికి కట్టి ఉందిగా."

"ఆవిడ సరిగ్గా ఆ పక్కనే కుర్చీ వేసుక్కూచుంటుంది. నిండా పచ్చగా వేలాడుతుంటే ఎంత అసహ్యం! ఇంటికెళ్లి పిల్ల దగ్గర చెప్పి నవ్వుతుంది. దుప్పట్లోకి తోసెయ్."

కమ్మీకి ఉన్న కొక్కెం తీసి బ్యాగును అక్క మోకాళ్ల మధ్య పక్క మీద పెట్టాను. పైన దుప్పటి కప్పాను. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. పనితనం బాగానే కుదిరిందని నాకు అనిపించింది కూడా.

వాళ్లు బత్తాయిలు, బిస్కెట్లు, రెండు కొబ్బరి బొండాలు పట్టుకుని వచ్చారు. ఆస్పత్రిలో మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లు వెంటనే లేచి వెళ్లడం మనలో మర్యాద కాదు. గంటన్నర కూర్చున్నారు. నేను వాళ్లని కారు దాకా దించి, తిరిగొస్తూ టీ తాగి, మెట్ల దగ్గర ఎవరో పలకరిస్తే నిలబడి మాట్లాడి, పైకి వచ్చేసరికి ఇంకో గంట గడిచింది. బ్యాగు దుప్పట్లోనే ఉంది.

మర్నాడు ఊళ్లోవాళ్లు ఆటోలో ఆరుగురు దిగారు. మళ్లీ బ్యాగు దుప్పట్లోకి పోయింది. సాయంత్రం బావ అన్నగారు వచ్చారు. మళ్లీ అంతే. ఆ తర్వాత అక్క అడగక్కర్లేకుండానే, వరండాలో చెప్పుల చప్పుడు వినపడితే చాలు, నా చేయి కొక్కెం మీదికి పోయేది.

ఐదో రోజు పొద్దున్నే అక్కకి వణుకు పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు తెరిచి నన్నే చూస్తూ, "గేదెకి కుడితి పెట్టారా?" అంది.

"ఏ గేదె అక్కా?"

"అదేనే, చూలుతో ఉన్నది. ఎండలో కట్టేశారు, ఎవరికీ పట్టదు."

వాళ్లింట్లో గేదెలు అమ్మేసి పన్నెండేళ్లయింది. నేను సిస్టర్ కోసం పరిగెత్తాను.

డాక్టరు గారు వచ్చి కుట్లు చూశారు. అవి శుభ్రంగానే ఉన్నాయి. పొత్తికడుపు మీద నొక్కితే అక్క మూలిగింది. అప్పుడు పాత పైపు తీయించి కొత్తది వేయించి, దానిలోంచి మూత్రం పట్టించి పరీక్షకి పంపించారు. సెలైన్లో మందు మొదలుపెట్టారు. నన్ను పక్కకి పిలిచారు.

"మూత్రంలో ఇన్‌ఫెక్షనమ్మా. షుగరు మనిషి కదా, రక్తంలోకి పాకితే కష్టం. మందుకి ఎలా లొంగుతుందో రెండు రోజులు చూడాలి."

"ఎందుకొచ్చిందండీ?"

"పైపు ఉన్నవాళ్లకి వస్తుంటుంది. ఎన్ని రోజులు ఉంటే అంత ఎక్కువ." ఆయన్ని ఎవరో పిలిచారు, వెళ్లిపోయారు.

పైపు ఉన్నవాళ్లకి వస్తుంటుంది. ఆ మాట నాకు చాల్లేదు. వస్తే ఎటునుంచి వస్తుంది? దేనివల్ల వస్తుంది?

ఆ రోజు మధ్యాహ్నం అక్క దగ్గర తను ఉంటానన్నారు బావ. నేను కుట్టి పెట్టిన పెళ్లి జాకెట్లు రేపల్లెలో ఇచ్చి రావాలి, పెళ్లి ఎదురుగా ఉంది. ప్యాసింజరు ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది గానీ బయట ఏముందో చూడలేదు. జాకెట్లు వాళ్ల చేతిలో పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా లైబ్రరీకి పోయాను.

వైద్యం బీరువాలో నర్సింగ్ నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో రాసిన లావుపాటి పాత పుస్తకం ఒకటి ఉంది. అట్ట ఊడిపోతే లైబ్రేరియన్ గారు క్యాలెండరు కాగితం అతికించారు. అది నేను చదివిందే. దానిలోంచి ఒంట్లో ఎముకల పేర్లన్నీ ఏడో నోట్‌బుక్కులో బొమ్మలతో సహా రాసుకున్నాను కూడా.

"ఈ పుస్తకం మళ్లీనా అమ్మా?" అన్నారు లైబ్రేరియన్ గారు. "దీని చీటీ మీద మీ సంతకం తప్ప ఇంకోటి లేదు. మీరు డాక్టరైపోతే నేను పదవీ విరమణ చేసి మీ దగ్గర కాంపౌండరుగా చేరతాను."

మామూలు రోజైతే నవ్వేదాన్ని. నిలబడే పేజీలు తిప్పాను. మూత్రం పైపుల గురించి ఒక పూర్తి అధ్యాయం ఉంది. ఆ పేజీల మూలలు మడత పడలేదు, పెన్సిలు గీత లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఇది మొదటిసారి చదివిన రోజు నా పక్క బల్ల దగ్గర కాలేజీ పిల్లలు కూర్చున్నారు. ఆ అధ్యాయంలో బొమ్మలు చూసి సిగ్గేసి, గబగబా తిప్పేసి ఎముకల్లోకి పోయాను. తుంటి ఎముక పేరు నాకు నోటికొచ్చు. తుంటి విరిగిన మనిషికి వేసే పైపు గురించి మాత్రం ఒక్క ముక్క తెలియదు.

ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుని చదివాను. మూత్రం పల్లానికి పారాలి. బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, కానీ నేలకి తగలకూడదు. బ్యాగు పైకి వస్తే, నిలవున్న మూత్రం తిరిగి లోపలికి పోతుంది. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నాలుగోసారి వచ్చింది ఎవరో కూడా గుర్తొచ్చింది, చుట్టం కూడా కాదు, ఒకప్పుడు వాళ్ల దూడలు కొన్న మనిషి, ఆయన ముందు కూడా దాచాను.

ఇంకా ఉంది. పైపునీ బ్యాగునీ విడదీయకూడదు. పైపు మెలిక పడకూడదు, తొడకి పట్టీతో అంటించి ఉండాలి, లేకపోతే లాగినప్పుడల్లా లోపల ఒరుసుకుంటుంది. రోజూ సబ్బుతో, నీళ్లతో కడగాలి. బ్యాగు ఒంపే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. ఒక మంచం దగ్గర వాడిన పాత్ర ఇంకో మంచం దగ్గర వాడకూడదు. బ్యాగు కుళాయి మూతి ఆ పాత్రకి తగలకూడదు. అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉన్నది ఆఖరి వాక్యం. పైపు ఇంకా అవసరమా అని ప్రతిరోజూ అడగాలి, అవసరం తీరిన రోజే తీసేయాలి.

పుస్తకం నా పేరు మీద రాయించుకుని, ఇంట్లోంచి గజం ముదురు నీలం లైనింగు గుడ్డ, సూది దారం, కత్తెర సంచిలో వేసుకుని సాయంత్రం బండికే తెనాలి చేరాను.

ముందు సిస్టర్ దగ్గరికి వెళ్లాను. "సిస్టర్, చుట్టాలొచ్చినప్పుడల్లా బ్యాగు నేనే మంచం మీద పెట్టాను. దుప్పటి కింద."

ఆమె రాసుకుంటున్న కాగితం మీంచి తలెత్తింది. చిన్న పిల్ల, మా అక్క కూతురికంటే చిన్నది. "అందరూ పెడతారు ఆంటీ. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది." కొంచెం ఆగి, "నేనూ దుప్పటి తీసి చూడాల్సింది. ఫ్లోరంతటికీ ఒక్కదాన్నే కదా అని పైపైన చూసి వెళ్లిపోయాను" అంది.

ఆ మాటతో నా బరువేం తగ్గలేదు. కానీ ఆ పిల్ల వచ్చి పైపు తొడ దగ్గర పట్టీ వేసింది, బ్యాగు ఏ ఎత్తులో ఉండాలో మంచం కోడు మీద నాతోనే గుర్తు పెట్టించింది. గుడ్డ మీద గీతలు గీసుకునే చాక్‌పీసు నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

మగ్గు దగ్గర గొడవైంది. బ్యాగులు ఒంపడానికి ఆయమ్మ వచ్చేది. ఒకే ఎర్ర మగ్గు పట్టుకుని మూడు మంచాల దగ్గరా ఒంపుకుంటూ పోయేది. నేను బజార్లో కొత్త మగ్గు కొనుక్కొచ్చి, "అక్కకి ఇది వాడు ఆయమ్మా" అన్నాను. ఆమె నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏంటమ్మా, మేం ముట్టుకున్న మగ్గు మీకు మైలా?"

"అది కాదే తల్లీ."

"మరేంటి? పదహారేళ్ల నించి చేస్తన్నా. మీ అక్క ఉచ్చకి బంగారు గిన్నె కావాలా?"

పక్క మంచం ఆవిడ కిసుక్కున నవ్వింది. నాకు మొహం ఎర్రబడింది. నేనన్నది ఆమెకి ఎక్కడ తగిలిందో అప్పుడర్థమైంది. వేరే మగ్గు అంటే మన దగ్గర ఇంకో అర్థం ఉంది. అది నేను పుట్టించింది కాదు, అయినా నా నోటి నుంచే వచ్చింది. కిందికెళ్లి ఇంకో రెండు మగ్గులు కొన్నాను. ఒకదాని పిడికి పచ్చ దారం, ఒకదానికి పసుపు, ఒకదానికి నీలం చుట్టి మూడూ ఆమె ముందు పెట్టాను. పుస్తకం తెరిచి, ఒక మనిషి బ్యాగులో ఉన్న కంటికి కనపడని పురుగు మగ్గు మీంచి ఇంకో మనిషి బ్యాగు కుళాయికి ఎలా ఎక్కుతుందో చదివి వినిపించాను.

ఆయమ్మ చివరిదాకా విన్నది. "ఇది ముందే చెప్పొచ్చుగా! మగ్గు చేతిలో పెట్టి నాకు పాఠం చెప్పావ్, పాఠం చెప్పి మగ్గు పెట్టాలి" అంది. ఆ తర్వాత మాత్రం, ఎవరి మంచం దగ్గర ఎవరి మగ్గు పొరపాటున కనపడినా ఆమె అరిచే అరుపు కింది ఫ్లోరుకి వినపడేది. నన్ను కూడా రెండుసార్లు చేతులు కడుక్కురమ్మని వెనక్కి పంపింది.

మందు మొదలుపెట్టిన రెండో రోజు సాయంత్రానికి జ్వరం జారింది. అక్క నన్ను నన్నుగా గుర్తుపట్టింది. గేదె సంగతి చెబితే, "పో, నన్ను ఆట పట్టిస్తున్నావు" అంది. అప్పుడు చెప్పాను. బ్యాగు సంగతి, పుస్తకం సంగతి, సిగ్గుపడి వదిలేసిన అధ్యాయం సంగతి.

"దాచమన్నది నేనేగా" అంది అక్క.

"నువ్వు చెబితే మాత్రం? చదువుకున్నదాన్ని నేను."

"ఆ, పెద్ద చదువు! సరేగానీ, రేపు బాపట్ల ఆవిడ మళ్లీ వస్తానంది. ఇప్పుడేం చేస్తావ్?"

అప్పటికే నేను నీలం గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాను. బ్యాగుకి తొడుగు కుట్టాను, చేతికుట్టుతో. పైన కొక్కేనికి తగిలించే రెండు తాళ్లు. కింద కుళాయి బయటికి రావడానికి తెరుపు. పక్కన నిలువుగా చీలిక, ఎంత నిండిందో గీతలు చూసుకోవడానికి. మంచం పక్క వేలాడదీస్తే చీరల కొట్టు వాళ్లు ఇచ్చే సంచిలా ఉంది. అది పొత్తికడుపు కంటే కిందే ఉంది, నేలకి జానెడు పైన ఉంది.

వియ్యపురాలు వచ్చి కూర్చోగానే ఆమె చూపు దాని మీదే పడింది. "అదేంటి వదినగారూ, ముచ్చటగా ఉంది?"

అక్క నా వైపు చూసింది, మళ్లీ ఆవిడ వైపు చూసింది. "మూత్రం బ్యాగు వదినగారూ. మా చెల్లెలు తొడుగు కుట్టింది."

ఆవిడ వంగి ఆ చీలికలోంచి లోపలికి చూసింది. "అయ్యో, నా గర్భసంచి ఆపరేషనప్పుడు ఇలాంటిది లేకపోయెనే! మీ అన్నయ్యగారి స్నేహితులొచ్చారని దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నా. వారం రోజులు మంట."

అక్క నవ్వింది. కుట్లు లాగుతున్నాయని మూలుగుతూ కూడా నవ్వింది. అంతకుముందు ఆ ఇద్దర్నీ నేను అలా నవ్వుకోగా చూడలేదు.

అసలు పేచీ ఆ తర్వాత వచ్చింది. వ్యాయామం నేర్పే అబ్బాయి అక్కని వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించాడు. అంటే బాత్రూం దాకా వెళ్లగలదు. పుస్తకంలో పెద్ద అక్షరాలు నాకు కళ్ల ముందు కదిలాయి. కానీ అక్క ఒప్పుకోలేదు.

"ఉండనివ్వవే. హాయిగా ఉంది. లేవక్కర్లేదు, ఎవర్నీ పిలవక్కర్లేదు."

బావ కూడా అదే అన్నారు. "ఇంటికి కూడా దాంతోనే తీసుకుపోదాం మరదలా. నెల్రోజులు పోయాక తీయించొచ్చు. ఊడ్పులైపోతాయి, నాకూ తీరిక దొరుకుతుంది."

"ఇంకోసారి జ్వరమొస్తే అక్క తట్టుకోగలదా బావా? డాక్టరు గారు మీతో ఏమన్నారు?"

బావ కండువా తీసి భుజం మార్చుకున్నారు.

మర్నాడు రౌండ్స్‌లో డాక్టరు గారు కుట్లు చూసి, షుగరు చూసి, బాగుందని పక్క మంచానికి తిరిగారు. నేను అడ్డం నిలబడ్డాను. "డాక్టరు గారూ, పైపు ఇంకా అవసరమా అండీ?"

ఆయన ఆగారు. కాగితాలు వెనక్కి తిప్పారు. "ఇంకా ఉందా? నడుస్తున్నారుగా. నిన్ననే తీసేయాల్సింది. సిస్టర్, ఇవాళే తీసేయండి." నా వైపు చూసి, "మంచిపని చేశారమ్మా. అడగకపోతే మేమూ మర్చిపోతుంటాం" అన్నారు.

పది గంటలకి తీసేశారు. మధ్యాహ్నం లోపు తనంతట తాను పోయాలి, పోకపోతే మళ్లీ వేయాల్సి వస్తుందని సిస్టరు చెప్పింది. అక్క నా వైపు కోపంగా చూసింది. "నీ పుస్తకం ఏమంటుంది దీనికి?"

నీళ్లు తాగమంటుంది. గ్లాసు తర్వాత గ్లాసు తాగించాను. పదకొండు దాటింది. పన్నెండున్నరకి వాకర్ పట్టించి బాత్రూంకి తీసుకెళ్లాం, ఏమీ రాలేదు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచం దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టాను. సిస్టరు వచ్చి పొట్ట నొక్కి చూసి, ఇంకో గంట చూద్దామంది. కొత్త పైపు ప్యాకెట్టు ట్రేలో పెట్టుకునే వచ్చింది. మూడో పైపు. నేను దాని వైపు చూడకుండా ఉండటానికి ఆ నీలం తొడుగు మడతపెట్టడం, విప్పడం చేస్తున్నాను.

ఒకటిన్నరకి అక్క తనే అంది. "లేపవే."

పదకొండు అడుగులు. లోపల కూర్చోబెట్టి నేను బయటికి రాబోతే, "తలుపు దగ్గరగా వెయ్యి. వెళ్లిపోకు" అంది. నేను తలుపు బయట నిలబడ్డాను. ఆయమ్మ వచ్చి, "చేతులు కడుక్కునే కుళాయి తిప్పు, ఆ చప్పుడుకి వస్తది" అంది. పుస్తకంలో ఆ మాట లేదు. తిప్పాను. నీళ్లు పడుతున్నాయి.

కొంతసేపటికి ఆయమ్మ చెయ్యి చాపి కుళాయి కట్టేసింది. అయినా లోపలినుంచి నీళ్ల చప్పుడు ఆగలేదు.

"వచ్చేసింది!" అని ఆయమ్మ గది మొత్తానికీ వినపడేలా చెప్పింది. మిగతా రెండు మంచాల వాళ్లూ మా వైపు చూసి నవ్వారు. సిస్టరు ట్రే వెనక్కి తీసుకుపోయింది. నీలం తొడుగు ఆయమ్మ అడిగి తీసుకుంది, ఉతికి పక్క మంచానికి వేయడానికి.

అక్కని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాను. ఈసారి దుప్పటి కింద అక్క కాళ్లు తప్ప ఏమీ లేవు. కాసేపు కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచింది.

"నా ఫోన్ ఎక్కడుందే?"

"ఎందుకు? బావకి నేను చెబుతాలే."

"మీ బావకి తర్వాత చెబుదువు గానీ. ముందు బాపట్ల వదినగారికి కలుపు."